పాతకారు నడిచిన అసలు దూరం

"మైలేజీ" అన్నమాటకు మనవారి వాడుకలో ఒక అర్థం గట్టిగా నాటుకొని ఉన్నది. ఏ కారునో, ఏ స్కూటరునో చూపించి "మైలేజీ ఎంత ఇస్తుంది?" అని అడిగితే, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు పోతుందని అడిగినట్లే మనమందరం తీసుకొంటాము. నేటి నా ప్రసంగ విషయం ఆ మైలేజీ కాదు. దానికి అన్నవంటిది మరొకటి ఉన్నది. ఆ బండి పుట్టిననాటినుండి నేటివరకు మొత్తంమీద ఎంత దూరం నడిచినది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం క్రొత్తబండి విషయంలో సులభం. పదిహేనేండ్లు, ఇరవై యేండ్లు తిరిగిన పాతబండి విషయంలో అంత సులభం కాదు.

మన రిజిస్ట్రేషను పుస్తకంలో బండి ఏ సంవత్సరంలో తయారైనదో ఉంటుంది. ఇంజను నెంబరు, చాసిస్ నెంబరు ఉంటాయి. సొంతకారైతే పదిహేనేండ్లు నిండగానే దానిని మళ్ళీ పరీక్షకు తీసుకొనిపోయి రిజిస్ట్రేషను పొడిగించుకోవలె. అంటే బండి వయస్సును ప్రభుత్వం లెక్కపెడుతున్నది. నడిచిన దూరం మాత్రం ఆ పుస్తకంలో కనబడదు. ఆ లెక్క యజమానిదే. అతడు ఆ పనిని, కళ్ళెదుట గాజుబిళ్ళ క్రింద తిరిగే అంకెలకు అప్పగించి నిశ్చింతగా ఉంటాడు. ఆ నిశ్చింత ఎంతవరకు సబబు అన్నదే మనం విచారించవలసిన విషయం.

మొదట ఆ అంకెలు ఎట్లా తిరుగుతాయో చూద్దాము. బండి నడిచిన దూరాన్ని చక్రంచేతనే లెక్కపెట్టించవలెననే ఆలోచన చాలా పాతది. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దికి చెందిన విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి తన వాస్తుగ్రంథం పదవ సంపుటంలో ఇటువంటి యంత్రాన్ని వర్ణించినాడు. నాలుగడుగుల వ్యాసం గల బండిచక్రం ఒక చుట్టు తిరిగితే పన్నెండున్నర అడుగుల దూరం పోతుంది. అట్లా 400 చుట్లు తిరిగితే 5,000 అడుగులు, అనగా ఒక రోమన్ మైలు. బండిచక్రం ఒక చుట్టు తిరిగినప్పుడెల్లా, 400 పండ్లు గల మరొక చక్రం ఒక్క పన్ను ముందుకు జరుగుతుంది. ఆ పెద్దచక్రం పూర్తిగా ఒక చుట్టు తిరిగేసరికి, పైనున్న గూటిలోనుండి ఒక గులకరాయి క్రిందనున్న కంచుపాత్రలో ఖణేలుమని పడుతుంది. ప్రయాణం ముగిసిన తరువాత పాత్రలోని రాళ్ళు లెక్కపెట్టుకొంటే ఎన్ని మైళ్ళు వచ్చినామో తెలుస్తుంది.

మన కార్లలోని పాత మీటరు కూడా స్వభావంలో ఇదే. గేరుబాక్సు వెనుకభాగంనుండి ఒక సన్నని ఉక్కు కేబులు బయలుదేరి మీటరులోనికి వస్తుంది. చక్రాలు తిరుగుతున్నంతసేపు ఆ కేబులు కూడా గొట్టంలో తిరుగుతూనే ఉంటుంది. దాని కొసన రెండు పనులు జరుగుతాయి. ఒకటి, చిన్న అయస్కాంతం తిరిగి, దానికి తగలకుండా పైనున్న అల్యూమినియం గిన్నెను లాగి, వేగం చూపే ముల్లును కదలిస్తుంది. రెండవది, మరచుట్టుగల చిన్నచిన్న పండ్లచక్రాలు ఆ వడిని తగ్గించి తగ్గించి అంకెల చక్రాలకు అందిస్తాయి. కుడివైపు చక్రం తొమ్మిది దాటి సున్నకు వచ్చినప్పుడు, దాని ఎడమచక్రం ఒక అంకె ముందుకు జరుగుతుంది. ఈ రెండు పనులు వేరువేరు గనుకనే, ఒక్కొక్కప్పుడు వేగపు ముల్లు చక్కగా ఆడుతున్నా అంకెలు నిలిచిపోవచ్చును. అంకెలు తిరుగుతున్నా ముల్లు పనిచేయకపోవచ్చును.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటున్నది. మీటరు దూరాన్ని కొలవడం లేదు. తనకు అందిన చుట్లను లెక్కపెట్టి, ఒక్కొక్క చుట్టుకు ఇంత దూరమని ముందుగా ఎవరో నిర్ణయించిన ప్రకారం అంకె వేస్తున్నది. చుట్లు అందకపోతే అంకె కదలదు. చక్రం చుట్టుకొలత మారితే అంకె తప్పుతుంది. గడులు నిండిపోతే మళ్ళీ సున్ననుండి మొదలు పెడుతుంది. పాతకారు జీవితంలో ఈ మూడూ జరుగుతాయి. నాలుగవది కూడా ఒకటున్నది. మీటరే చెడిపోయి, దాని స్థానంలో మరొకటి రావడం.

ఈ నాలుగింటినీ నేను ఒకే కారులో చూసినాను. మా మేనమామకు రాజమండ్రిలో ఒక డీజిలు అంబాసిడరు ఉండేది. 1986లో క్రొత్తగా కొని టాక్సీగా తిప్పేవాడు. ఆ రోజులలో మన ఊళ్ళ టాక్సీస్టాండ్లలో కనబడేవి చాలావరకు అంబాసిడర్లే. 1957 ప్రాంతాలలో మొదలైన ఆ కారు తయారీ 2014లో ఉత్తరపాడా కర్మాగారంలో నిలిచిపోయినదని శ్రోతలలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా మామయ్య కారు మీటరులో కిలోమీటర్లకు ఐదు గడులు మాత్రమే ఉండేవి. 1990లో ఒకనాడు 99,999 దాటి ఐదు సున్నలు వచ్చినవి. ఆయన ఆనాడు ఇంటికి పూతరేకులు తెచ్చి పంచిపెట్టి, "మన కారు మళ్ళీ క్రొత్తదైపోయినది" అని నవ్వినాడు. ఎక్కడా వ్రాసుకోలేదు. వ్రాసుకోవలసిన అవసరమేమి? ఇంట్లో అందరికీ జ్ఞాపకం ఉన్నది కదా.

1993లో కేబులు తెగినది. అప్పటికి మీటరులో అంకె 46,210. అసలు దూరం 1,46,210. కేబులు పెద్ద ఖరీదైన వస్తువు కాదు. అయినా అది లేకపోతే బండి ఆగదు గనుక, రేపు వేయిద్దాము, మాపు వేయిద్దాము అంటూ నాలుగు నెలలు గడిచిపోయినవి. మామయ్యకు ఒక నియమం ఉండేది. ప్రతి 3,000 కిలోమీటర్లకు ఇంజను ఆయిలు మార్చవలె. కేబులు తెగేనాటికి, క్రితంసారి ఆయిలు మార్చి 1,900 కిలోమీటర్లు అయినవి. ఆయన మనస్సులో ఇంక 1,100 మిగిలి ఉన్నవి. మీటరు కదలలేదు గనుక ఆ 1,100 అట్లాగే మిగిలి ఉన్నవి.

ఒకనాటి సాయంత్రం ప్రసవవేదన పడుతున్న ఒకామెను, ఆమె తల్లిని ఎక్కించుకొని కాలువగట్టు రోడ్డున కాకినాడ ఆసుపత్రికి బయలుదేరినాడు. అనపర్తి దాటి బిక్కవోలు చేరకముందే ఇంజను పట్టివేసినది. చీకటిపడే వేళ. వెనుకనుండి వచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవరు ఆపి, ఆమెను ఎక్కించుకొని, మధ్యలో ఇంకెక్కడా నిలపకుండా కాకినాడ చేర్చినాడు. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడినారు. మామయ్య మాత్రం ఆ రాత్రి ఒక లారీ వెనుక తాడుకట్టి కారును ఈడ్పించుకొని ఇల్లు చేరేసరికి రెండు గంటలయినది. మరునాడు మెకానిక్కు ఇంజను విప్పి, "ఆయిలు ఎప్పుడు మార్చినారండీ?" అని అడిగితే, మామయ్య మీటరు చూపించి, "ఇంకా పదకొండు వందలు ఉన్నదయ్యా" అన్నాడు. మెకానిక్కు ఏమీ అనలేదు. అడుగున మిగిలిన ఆయిలును గుడ్డతో తుడిచి చేతికిచ్చినాడు. అది తారువలె ఉన్నది.

అప్పుడు నాకు పదమూడేండ్లు. వేసవి సెలవులలో ఆయన యింట ఉన్నాను. ఆ మధ్యాహ్నం మామయ్య నన్ను పిలిచి, "ఒరేయ్, నీకు లెక్కలు వచ్చునుకదా, ఈ కారు ఎంత నడిచినదో తేల్చు" అన్నాడు. మీటరు చెప్పని నాలుగు నెలల దూరం ఎట్లా తేల్చడం? ఆయన వద్ద డీజిలు రసీదులు తీగకు గుచ్చినవి ఉన్నవి. కూడితే 410 లీటర్లయినవి. కేబులు బాగున్న రోజులలో లీటరుకు 12 కిలోమీటర్లు వస్తుండేదని ఆయనకు తెలుసు. 410ని 12చేత గుణిస్తే 4,920. అంటే, మార్చవలసిన ఆయిలు 6,800 కిలోమీటర్లు పైచిలుకు మోసినది. దానికితోడు పాత ఇంజను కొంత ఆయిలును తానే కాల్చుకొన్నది. మొదట మనం మాట్లాడుకొన్న చిన్నమైలేజీ, అనగా లీటరు లెక్క, పోయిన పెద్దమైలేజీని తిరిగి రాబట్టడానికి ఇట్లా పనికివచ్చినది.

ఆ దినంనుండి ఆ కారుకు ఒక ఎర్రట్ట పుస్తకం ఏర్పడినది. మన వ్యాపారస్థులకు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుంటాయి. ఏరోజు కారోజు జరిగినది చిట్టాలో పడుతుంది. ఎవరి ఖాతాలో ఎంత నిలువ ఉన్నదో ఆవర్జా చెబుతుంది. కారులోని మీటరు చిట్టావంటిది. దానికి నేటి సంగతే తెలుసు. నిలువ చెప్పవలసిన ఆవర్జాను మనమే వ్రాసుకోవలె. మామయ్య పుస్తకంలో ఐదు వరుసలుండేవి. తేదీ, మీటరు అంకె, కలపవలసిన అంకె, అసలు దూరం, చేయించిన పని.

ఈ మూడవ వరుస, "కలపవలసిన అంకె", అన్నింటికంటె ముఖ్యమైనది. దానిని శ్రోతలు కొంచెం నిదానంగా వినవలెనని కోరుతున్నాను. మీటరు ఒకసారి సున్నలకు తిరిగినది గనుక కలపవలసినది లక్ష. కేబులు తెగిన కాలంలో పోయినవి 4,920. రెండూ కలిపితే 1,04,920. క్రొత్త కేబులు వేసిన తరువాత మీటరులో ఏ అంకె ఉన్నా, దానికి 1,04,920 చేరిస్తే అసలు దూరం వస్తుంది. 1996లో ఆ మీటరే పూర్తిగా పాడైనది. దానిని విప్పేనాటికి అంకె 87,350. కలపవలసినది కలిపితే అసలు దూరం 1,92,270. దాని స్థానంలో బిగించినది ఏదో పాత కారునుండి తీసిన మీటరు. అందులో అప్పటికే 12,400 ఉన్నది. ఆ 12,400 మన కారు నడిచినవి కావు. కనుక 1,92,270లోనుండి 12,400 తీసివేస్తే 1,79,870. ఇక ముందు కలపవలసిన అంకె ఇది. మీటరు మార్చిన గంటలో ఈ రెండంకెలు, అనగా విప్పినదాని అంకె, బిగించినదాని అంకె వ్రాసుకోకపోతే, తరువాత ఏ పండితుడూ ఆ లెక్కను సరిచేయలేడు. పాతమీటరు చెత్తబుట్టలో పడిన మరునాడు, దానితోబాటు కారు చరిత్ర కూడా పోతుంది.

ఇక చక్రాల సంగతి. టైరు అరిగితే దాని చుట్టుకొలత తగ్గుతుంది. క్రొత్తటైరుమీద గాళ్ళు సుమారు 8 మిల్లీమీటర్ల లోతుంటాయి. 1.6 మిల్లీమీటర్లకు అరిగిన టైరును కారుకు ఉంచుకోకూడదు. అంటే వ్యాసార్ధంలో ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు తేడా. చక్రం వ్యాసార్ధం 300 మిల్లీమీటర్లనుకొంటే, ఇది నూటికి రెండు. అరిగిన టైరు అంతే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది గనుక, మీటరు 100 కిలోమీటర్లు చూపినప్పుడు కారు నిజంగా నడిచినవి 98 మాత్రమే. ఇందుకు విరుద్ధంగా, కంపెనీ చెప్పినదానికంటె పెద్ద టైర్లు వేసుకొన్నవారి మీటరు తక్కువ చూపుతుంది. చుట్టుకొలత నూటికి ఐదు వంతులు పెరిగితే, మీటరు లక్ష చూపేసరికి కారు లక్షా ఐదువేలు నడిచి ఉంటుంది.

మన మీటరు ఎంత తప్పుతున్నదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. జాతీయరహదారి ప్రక్కన పసుపుతల తెల్లరాళ్ళున్నవి. ఒక రాయి వద్ద అంకె చూసుకొని, ఇరవై రాళ్ళు దాటిన తరువాత మళ్ళీ చూడవలె. మీటరు 20.6 చూపినదనుకొందాము. 20ని 20.6చేత భాగిస్తే సుమారు 0.97 వస్తుంది. అప్పుడు మీటరు చూపిన 50,000 కిలోమీటర్లు నిజానికి 48,500 ప్రాంతమని అర్థం. ఊళ్ళచుట్టూ క్రొత్తగా బైపాసులు వేసినచోట రాళ్ళ లెక్క కుదరకపోవచ్చును. అందుచేత తిన్నని దారిలో, రెండు మూడు చోట్ల చూడడం మంచిది. నేడు చాలామంది చేతిలోనున్న ఫోను, ఉపగ్రహాల సంకేతాలనుబట్టి దూరం చెబుతుంది. తిన్ననిదారిలో ఇరవై ముప్పై కిలోమీటర్ల ప్రయాణానికి దానితో పోల్చి చూసుకొన్నా సరిపోతుంది.

మరీ పాత కార్లు ఉంచుకొన్నవారికి ఇంకొక చిక్కున్నది. మనదేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చినది. తరువాత క్రమంగా రోడ్లమీద మైలురాళ్ళు పోయి కిలోమీటరు రాళ్ళు వచ్చినవి. ఆ కాలపు కార్లలో మైళ్ళ మీటర్లున్నవి. అటువంటి మీటరు ఒకసారి సున్నలకు తిరిగి 20,000 చూపుతున్నదంటే నడిచినది 1,20,000 మైళ్ళు. అది 1,93,000 కిలోమీటర్ల పైమాట. ఆ 20,000ను చూసి కిలోమీటర్లనుకొన్నవాడు ఎంత దూరంలో ఉన్నాడో చూడండి.

ఇన్ని సవరణలు విని శ్రోతలు విసుగుచెందవద్దు. ఈ తప్పులన్నీ ఒక్క బరువు గలవి కావు. టైరు అరుగుదలవలన రెండు లక్షల దూరంలో నాలుగు వేలు అటూ ఇటూ అయితే కారుకు నష్టంలేదు. ఒక సున్నల తిరుగుడు మరచిపోతే పోయేది లక్ష. మీటరు మార్పిడి వ్రాయకపోతే పోయేది కారు జీవితంలో సగం కావచ్చును. పెద్దతప్పులను ముందు పట్టుకోవలె. అంచనా వేసిన అంకెల ప్రక్కన "అంచనా" అని వ్రాసిపెట్టుకోవలె. తెలియనిదానిని తెలిసినట్లు గుండ్రంగా వ్రాయడంకన్న, అది అంచనా అని ఒప్పుకొన్న పుస్తకమే నమ్మదగినది.

ఇప్పటి కార్లలో కేబులు లేదు, పండ్లచక్రాలూ లేవు, కనుక ఈ గొడవ తీరినదని కొందరు అనుకొంటారు. నేటి కారులో చుట్లను విద్యుత్‌సంకేతాలుగా లెక్కపెట్టి, అంకెను ఒక చిప్పులో దాచి ఉంచుతారు. ఆ అంకెకు కూడా హద్దున్నది. 2003 మొదలు కొన్ని యేండ్లపాటు అమెరికాలో అమ్మిన టయోటా కొరోలా కార్లలో మీటరు 2,99,999 మైళ్ళవద్దకు వచ్చి అక్కడే నిలిచిపోతుంది. కారు నడుస్తూనే ఉంటుంది. చదువులకోసం ఆ దేశం వెళ్ళిన మన పిల్లలు మొదట కొనుక్కొనేది తరచుగా పాతకారే. అటువంటి కారులో ఆ అంకె కనబడితే, అది నడిచిన దూరం కాదు, లెక్క ఆగిన చోటు అని తెలుసుకోవలె. ఇక చిప్పులోని అంకెను పరికరం తగిలించి తగ్గించే మోసగాండ్రు అన్ని దేశాలలోనూ ఉన్నారు. అమెరికాలో ఏటా నాలుగున్నర లక్షలకు పైగా కార్లు తప్పుడు అంకెలతో అమ్ముడుపోతున్నవని ఆ దేశపు రహదారి భద్రతాశాఖ అంచనా.

అందుచేతనే కొన్ని ప్రభుత్వాలు ఈ ఆవర్జాను తామే వ్రాయించడానికి పూనుకొన్నవి. అమెరికాలో 1972లో చేసిన చట్టం మీటరు అంకెను తగ్గించడం నేరమన్నది. కారు అమ్మేవాడు తన సంతకంతో దూరం వ్రాసి ఇవ్వవలె. ఆ పత్రంలో మూడు దారులున్నవి. ఈ అంకె అసలు దూరమే అనవచ్చును. మీటరు గడులు నిండి తిరిగిపోయినది అనవచ్చును. లేదా, ఈ అంకెను నమ్మవద్దు అని చెప్పవచ్చును. తెలియదని చెప్పడానికి కూడా చట్టం చోటుంచినది. బెల్జియంలో 2004నాటి చట్టాన్నిబట్టి, 2006నుండి "కార్-పాస్" అనే పత్రం అమలులో ఉన్నది. కారు ఏ వర్క్‌షాపుకు వెళ్ళినా అక్కడివారు ఆనాటి అంకెను ఒక ఉమ్మడి ఖాతాకు తెలుపవలె. కారు అమ్మే సమయంలో ఆ అంకెల వరుసంతా కొనేవాని చేతికి వస్తుంది. పాతపత్రంకన్న క్రొత్తపత్రంలో అంకె తగ్గినదంటే దొంగ దొరికినట్లే.

మనకు అటువంటి పత్రం చేతిలో లేనప్పుడు కారే సాక్ష్యం చెబుతుంది. బ్రేకు పెడలుమీది రబ్బరు నున్నగా అరిగి, డ్రైవరు సీటు క్రుంగి, స్టీరింగు చక్రం మెరుస్తూ ఉండగా, మీటరు ముప్పైవేలే చూపితే అనుమానించవలె. పండ్లచక్రాల మీటరులో అంకెలు ఒక వరుసలో లేక మెట్లుమెట్లుగా కనిపిస్తే, ఎవరో విప్పి ఉండవచ్చును. టైరు ప్రక్కభాగంమీద నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. 2015లో కొన్న కారు ఇరవైవేలే నడిచినదంటున్నప్పుడు, నాలుగు టైర్లూ 2019లో తయారైనవైతే, అంత త్వరగా టైర్లు ఎందుకు మార్చవలసివచ్చినదని అడగవలె. అన్నింటికంటె బలమైన సాక్ష్యం సర్వీసు రసీదులు. వాటిమీద తేదీ, మీటరు అంకె రెండూ ఉంటాయి. ఏండ్ల వరుసలో వాటిని పేర్చి చూస్తే అబద్ధం ఎక్కడున్నదో అక్కడ వరుస తెగుతుంది.

దూరం లెక్కతో కారును పోషించినవారిలో లోకప్రసిద్ధుడు అమెరికాకు చెందిన ఇర్వ్ గోర్డన్. న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలెండులో సైన్సు ఉపాధ్యాయుడు. 1966 జూన్ 30న ఒక వోల్వో పి1800 కారు కొన్నాడు. 1987లో పది లక్షల మైళ్ళు, 2002లో ఇరవై లక్షల మైళ్ళు, 2013లో అలాస్కాలో ముప్పై లక్షల మైళ్ళు పూర్తిచేసినాడు. గిన్నిస్ గ్రంథంలో ఆయన పేరెక్కినది. 2018లో చనిపోయేనాటికి ఆ కారు 32 లక్షల మైళ్ళు దాటినది. అది 51 లక్షల కిలోమీటర్లకు మించిన దూరం. ముప్పై లక్షలు చూపడానికి ఏడు గడులు కావలె. ఆ కారు మీటరులో అన్ని గడులు లేవు. అంత దూరం నడిచినదని లోకం నమ్మినదంటే, ఆయన మీటరు వెలుపల లెక్క ఉంచుకొన్నాడు గనుకనే. ఆయిలు మార్చే వేళను ఆయన దాటనిచ్చేవాడు కాడని ప్రతీతి.

మా మామయ్య కారు అంత ఘనమైనది కాదు. 2001లో దానిని అమ్మజూపినాడు. మీటరులో అంకె 58,130. కలపవలసిన అంకె 1,79,870. అసలు దూరం సరిగా 2,38,000. కొనడానికి వచ్చినవాడు మండపేట వైపునుండి వచ్చిన యువకుడు. అప్పుచేసి సొంతంగా టాక్సీ పెట్టుకోవలెనని అతని కోరిక. బేరం కుదిర్చిన మధ్యవర్తి మామయ్యను ప్రక్కకు పిలిచి, "ఆ పుస్తకం మాట ఎత్తకండి. మీటరు ఏం చూపితే అదే మన మాట. మీరు అబద్ధమాడినట్లూ కాదు" అన్నాడు. మామయ్య కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "ఎంత నడిచినదో నాకు తెలుసు. తెలిసి చెప్పకుండా డబ్బు ఎట్లా పుచ్చుకోనయ్యా?" అని, పుస్తకం తెచ్చి ఆ యువకుని చేతిలో పెట్టినాడు.

అతడు పుస్తకాన్ని చాలాసేపు తిరగవేసినాడు. 1993నాటి పుటవద్ద ఆగి, "ఈ 4,920 ఏమిటండీ, అంచనా అని ఉన్నది?" అని అడిగినాడు. మామయ్య ఆ రాత్రి కథ మొత్తం చెప్పినాడు. వినినంతసేపు విని అతడు ధర తగ్గించమని కోరినాడు. మామయ్య తగ్గించినాడు. ఆ తగ్గిన సొమ్ముతో వెనుకచక్రాల బేరింగులు, బ్రేకు సామాను ముందు మార్పించుకోమని, పుస్తకంలో వాటి ఎదుట గీత గీసి చూపినాడు. కారుతోబాటు పుస్తకం కూడా వెళ్ళిపోయినది. కారు వెళ్ళిన మరునాడు కూడా ఆయన పొద్దున్నే లేచి అలవాటుకొద్దీ కలం కోసం జేబు తడుముకొన్నాడు.

శ్రోతలలో పాతబండి ఉన్నవారు నేటి రాత్రి ఒక చిన్న పని చేయవలెనని నా మనవి. ఒక నోటుపుస్తకం తీసుకొని, తేదీ, మీటరు అంకె వ్రాయండి. మీటరు ఎప్పుడైనా సున్నలకు తిరిగినదా, మార్చినారా, కేబులు తెగి కొంతకాలం ఆగినదా అని ఇంట్లోవారిని అడిగి, గుర్తున్నంతవరకు కలపవలసిన అంకె వేయండి. రసీదులుంటే వాటితో సరిచూడండి. తెలియనిచోట "అంచనా" అని వ్రాయండి. తరువాత నూనె పోయించినప్పుడెల్లా లీటర్లు, అంకె రెండూ ఎక్కించండి. అట్లా వ్రాస్తూపోతే, ఏనాడైనా మీటరు ఆగినా మీ లెక్క ఆగదు.